జోలపాటకు పద్నాలుగు నెలలు

2023 అక్టోబరులో ఒక ఆదివారం సాయంత్రం సెన్ నది ఒడ్డున పాత పుస్తకాల పెట్టెల ముందు నిలబడి ఉన్నాను. అంచులు నలిగిన స్వరాల పుస్తకం ఒకటి చేతికి తగిలింది. అట్ట మీద లూయి వియెర్న్ అని పేరు. దాని కింద, స్వేచ్ఛా శైలిలో ఇరవై నాలుగు రచనలు, ఆర్గన్‌కు లేదా హార్మోనియానికి, అని ఫ్రెంచిలో అచ్చయి ఉంది. ఆ చివరి మాట దగ్గర నా చూపు ఆగిపోయింది.

మాది తెనాలి. మా తాతయ్య పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుంటే ఆ గొంతు ఎటు పోతే అటు వేళ్ళు పోవాలి. ఆయన ఊపిరి తీసుకునే చోట ఖాళీని పెట్టె నింపాలి. జనం వన్స్‌మోర్ అన్నారంటే మళ్ళీ మొదటి నుంచి. నాకు ఏడేళ్ళప్పుడు తాతయ్య నా కుడిచేతిని మెట్ల మీద, ఎడమచేతిని తిత్తి మీద పెట్టారు. "తిత్తి అంటే ఊపిరమ్మా, అది అదరకూడదు" అనేవారు. 1940 నుంచి 1971 దాకా రేడియోలో హార్మోనియాన్ని రానివ్వలేదన్న సంగతి ఎత్తితే మాత్రం ఆయన మాట్లాడడం మానేసేవారు. ఇంట్లో మనిషిని ఎవరో గుమ్మం బయట నిలబెట్టినట్టు ఉండేది ఆయన ముఖం.

ఆ పెట్టె మన నేల మీదే పుట్టిందనుకుంటూ పెరిగాను. దానికి హార్మోనియం అని పేరు పెట్టి 1842లో పేటెంటు తీసుకున్నది ప్యారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబాన్ అనే వాద్యాల తయారీదారు. కాళ్ళతో తొక్కుతూ వాయించే ఆ వాద్యాన్ని కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని, ఒక చేత్తో గాలి కొడుతూ వాయించే పెట్టెగా మలిచారు. మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. అసలు ప్యారిస్‌కు వచ్చి ఏడేళ్ళయ్యాక గానీ తాతయ్య వాద్యానికి పుట్టిల్లు ఇదేనని నాకు తెలియలేదు. పుస్తకం కొని ఇంటికి తెచ్చుకున్నాను.

మేముండేది నగరం శివారులో. మా పేట చర్చిలో వందేళ్ళు దాటిన చిన్న పైపు ఆర్గన్ ఉంది. చేతులకు రెండు వరుసల మెట్లు, కాళ్ళకు ఒక వరుస, ఏ గొట్టాలు పలకాలో ఎంచుకోవడానికి లాగే గుబ్బలు, అంటే స్టాపులు, పన్నెండు. దాన్ని వాయించే మేడమ్‌కు డెబ్బై దాటాయి. జీవితమంతా పిల్లలకు సంగీతం చెప్పారు. నాకు నేర్పుతారా అని అడిగితే, ఏమి వచ్చో వాయించి చూపించమన్నారు. కీబోర్డు నేర్చుకున్న రోజుల్లో నొటేషన్ చదవడం వచ్చింది కాబట్టి ఏదో చిన్న పాఠం వాయించాను. తర్వాత సంచిలోంచి ఈ పుస్తకం తీశాను. ఆవిడ పేజీలు తిప్పి పంతొమ్మిదో రచన దగ్గర వేలు పెట్టారు.

"ఇది జోలపాట. నాలుగు నిమిషాలు ఉంటుంది. ఏడాది పడుతుంది. సరేనా?"

సరేనన్నాను.

ఫ్రాన్సులో తల్లులు బిడ్డల్ని పడుకోబెడుతూ 'దొదో' అంటారు. ఆ మాటతో మొదలయ్యే పాత జోలపాట ఒకటి ఇక్కడ ఇంటింటా ఉంది. వియెర్న్ ఆ పాత జోలపాట మాటల మీదే ఈ రచన అల్లాడు. ఆ సంగతి మేడమ్ చెప్పినప్పుడు, మా భాషలో జోజో అంటాం అన్నాను. ఆవిడ రెండుసార్లు పలికి చూసుకుని పుస్తకం మార్జిన్‌లో పెన్సిల్‌తో ఆ రెండు అక్షరాలూ ఫ్రెంచి లిపిలో రాసుకున్నారు. ఆ పెన్సిల్ గుర్తు ఇప్పటికీ ఉంది.

హార్మోనియం పట్టిన చేతికి ఆర్గన్ సులువవుతుందనుకున్నాను. రెండూ గాలితో పలికేవే, రెండింటికీ మెట్లే. కానీ తాతయ్య నేర్పిన విద్యంతా తిత్తిలో ఉంది. తిత్తి నొక్కితే స్వరం పొంగుతుంది, సడలిస్తే అణుగుతుంది. ఆర్గన్‌లో గాలి మన పని కాదు. ఇప్పుడు మోటారు ఊదుతుంది. కరెంటు రాకముందు మనుషులు పెద్ద పెద్ద తిత్తులు తొక్కేవారు. మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా గొట్టం ఒకేలా పలుకుతుంది. వాయించేవారికి మిగిలేది కాలం ఒక్కటే. స్వరం ఎప్పుడు మొదలుకావాలి, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు ఆగాలి.

మేడమ్ మొదటి రెండు నెలలూ అదే చెప్పారు. పక్కపక్కన వచ్చే స్వరాల మధ్య సందు ఉండకూడదు, అలాగని ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మనకున్నవి పది వేళ్ళే కాబట్టి నొక్కి ఉంచిన మెట్టు మీదే వేలు మార్చాలి. మధ్యవేలు మెట్టు మీద ఉండగానే చిటికెనవేలిని పక్కన ఆనించి, మెట్టు పైకి లేవకుండా, మధ్యవేలిని మెల్లగా తప్పించాలి. నిద్రపోతున్న పిల్లను ఒకరి ఒడిలోంచి మరొకరి ఒడిలోకి మార్చినట్టు. అదే స్వరం వెంటనే మళ్ళీ వస్తే మాత్రం మొదటిదాన్ని సగం కాలానికే వదలాలి, మిగతా సగం నిశ్శబ్దం. ఈ లెక్క మేడమ్‌ది కాదు. ఆవిడ గురువులది, వాళ్ళ గురువులది. వెనక్కి వెళితే వియెర్న్‌కు చెప్పిన విదోర్ వరకూ పోతుంది.

పాట మొదటి వరుస కుదిరేసరికి డిసెంబరు వచ్చింది. ఆ రోజుల్లోనే రాత్రిళ్ళు మా అమ్మాయి పడుకున్నాక వియెర్న్ జీవితం చదవడం మొదలుపెట్టాను.

1870 అక్టోబరు 8న ఫ్రాన్సులోని పొయితియేలో పుట్టాడు. పుట్టుకతోనే రెండు కళ్ళలో శుక్లాలు. ఆరేళ్ళప్పుడు ఆపరేషన్ చేస్తే మనుషుల ఆకారాలు, దగ్గరగా పెట్టుకుంటే పెద్ద అక్షరాలు కనిపించేంత చూపు వచ్చింది. అంతే. చిన్నప్పుడే ప్యారిస్‌లో సెయింట్ క్లోతిల్డ్ చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు సెజార్ ఫ్రాంక్ వాయిద్యం విన్నాడు. అంధ బాలబాలికల జాతీయ విద్యాలయంలో చేరాడు. లూయి బ్రెయిల్ చదివి, పాఠాలు చెప్పి, చుక్కల లిపి కనిపెట్టిన బడి అది. బ్రెయిల్ కూడా చర్చిల్లో ఆర్గన్ వాయించినవాడే. చూపు లేని పిల్లలకు బతుకుతెరువు చూపించే చదువుగా ఆ బడిలో ఆర్గన్ నేర్పేవారు.

జనవరిలో ఒక రోజు పని నుంచి వస్తూ అంవాలీద్ బులవార్డులో దిగి ఆ బడి ముందుకు వెళ్ళాను. ఇప్పటికీ నడుస్తోంది. గేటు బయట కాసేపు నిలబడ్డాను. తెల్ల కర్ర పట్టుకుని ఒక కుర్రవాడు నన్ను దాటి లోపలికి వెళ్ళాడు.

బ్రెయిల్ నొటేషన్ ఎలా ఉంటుందో తర్వాత తెలుసుకున్నాను. ఆరు చుక్కల గడిలో పై నాలుగు చుక్కలు ఏ స్వరమో చెబుతాయి, కింది రెండూ దాని కాలం చెబుతాయి. చదవడానికి వేలు కావాలి, వాయించడానికీ వేలే కావాలి. అందుకని ఒక చేత్తో తడుముతూ రెండో చేత్తో ఆ భాగం వాయించుకోవాలి, తర్వాత చేతులు మార్చుకోవాలి, చివరకు రెండూ మనసులో కలుపుకోవాలి. కాగితం చూస్తూ వాయించడం అనేదే ఉండదు. నేర్చుకోవడమంటే కంఠస్థం చేయడమే. ఆ సంగతి మేడమ్‌తో అంటే ఆవిడ లేచి, స్టాండు మీద దీపం ఆర్పేశారు. "అయితే మొదటి పేజీ ఇప్పుడు వాయించు."

చర్చి గోడల్లో చలి పేరుకుని ఉంది. చీకట్లో నా వేళ్ళకు రెండు నల్లమెట్ల గుంపు, మూడు నల్లమెట్ల గుంపు మధ్య తేడా మొదటిసారి తెలిసింది. మూడో వరుసలో తప్పిపోయాను. మళ్ళీ మొదలుపెట్టాను. ఆ తర్వాత ప్రతి పాఠం చివర పది నిమిషాలు దీపం ఆర్పి వాయించేవాళ్ళం.

చలి గురించి ఒక మాట. చల్లటి గాలిలో మామూలు గొట్టాల శ్రుతి దిగిపోతుంది. నాలుక ఉన్న గొట్టాలు మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంటాయి. జనవరిలో రెండింటినీ కలిపి వాయిస్తే చెవి ఓర్చుకోలేదు. అందుకని చలికాలమంతా మెత్తటి స్టాపులతోనే సాధన చేశాను. ఈ పాటకు అదే మంచిదైంది.

వియెర్న్ 1890లో ప్యారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో ఫ్రాంక్ తరగతిలో చేరాడు. నవంబరులో ఫ్రాంక్ చనిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన విదోర్ పిల్లల చేతులూ కాళ్ళూ మొదటి నుంచి సరిచేయించాడు. రెండేళ్ళలో వియెర్న్‌ను సెయింట్ సుల్పీస్ చర్చిలో తనకు సహాయకుడిగా పెట్టుకున్నాడు. 1894లో వియెర్న్‌కు ఆర్గన్‌లో ప్రథమ బహుమతి వచ్చింది. 1900లో నోత్ర్ దామ్ కథీడ్రల్‌లో, యాభై మూడేళ్ళు ఆర్గన్ వాయించిన ఎజెన్ సెర్జాన్ చనిపోయాక, పోటీ పెట్టి మరీ కొత్త వాద్యకారుడిని ఎంచుకున్నారు. ఆ పోటీలో గెలిచి ముప్ఫై ఏళ్ళు నిండకుండానే వియెర్న్ ఆ పీట మీద కూర్చున్నాడు. జీతం చాలా తక్కువ. పాఠాలు చెప్పుకుని బతకాల్సి వచ్చేది. కానీ ఆ పీటను ఆయన ముప్ఫై ఏడేళ్ళు వదలలేదు. పెద్ద గీతల కాగితం మీద లావు పెన్సిల్‌తో, ముఖం ఆనించినంత దగ్గరగా పెట్టుకుని ఆరు ఆర్గన్ సింఫనీలు రాశాడు. ఫ్రెంచివారి దొ-రె-మి స్వరాల్లో మొదటిది రె మీద, రెండోది మి మీద, అలా ఒక్కో మెట్టు ఎక్కుతూ ఆరోది సి మీద నిలిచింది. తాతయ్య సరళీ స్వరాలు నేర్పినట్టు అనిపించింది నాకు.

మార్చిలో కాళ్ళు మొదలుపెట్టాం. పుస్తకంలో పెడల్ వాడడం వాయించేవారి ఇష్టమని ఉంది, హార్మోనియం ఉన్నవాళ్ళ కోసం. మేడమ్ మాత్రం వాడాల్సిందేనన్నారు. పలచటి తోలు అడుగున్న మడమ బూట్లు కొన్నాను. వీధిలో తొడుక్కోకూడదు, ఒక్క ఇసుక రేణువు అడుగున అంటినా మెట్టు మీద జారుడు పోతుంది. కాళ్ళ వంక చూడకూడదు. మోకాళ్ళు దగ్గరగా ఉంచి, బొటనవేలి పక్క ఎముకతో మెట్టు అంచు తడిమి, ఎక్కడున్నానో తెలుసుకోవాలి. మొదటి నెలలో తొడలు పట్టేసి మా ఇంటి మెట్లు దిగలేకపోయేదాన్ని.

1906లో ఒక రాత్రి వియెర్న్ వీధిలో తవ్వి వదిలేసిన గోతిలో పడ్డాడు. కాలు విరిగింది. తీసేయాల్సి వస్తుందన్నంత వరకూ వెళ్ళింది. నిలిచిందిగానీ, అప్పటికి ఆరేళ్ళుగా నోత్ర్ దామ్ ఆర్గన్ వాయిస్తున్న మనిషి, పెడల్ విద్యను మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది టైఫాయిడ్. 1909లో విడాకులు. 1911లో కన్సర్వేటరీలో గురువు పదవి దక్కుతుందనుకుంటే దక్కలేదు.

వరుసగా చదువుతుంటే ఒక చోట పుస్తకం మూసేయాల్సి వచ్చింది. 1913. నేను నేర్చుకుంటున్న ఈ ఇరవై నాలుగు రచనలు ఆ ఏడాదివే. అదే ఏడాది ఆయన కొడుకు ఆంద్రె క్షయతో చనిపోయాడు. పదేళ్ళవాడు. జోలపాట నెత్తిన చిన్న అక్షరాల్లో ఉన్న అంకితం అప్పటిదాకా నేను పట్టించుకోనేలేదు. 'నా కూతురు కొలెత్‌కు' అని ఉంది. ఆ పాపకు అప్పటికి ఆరేళ్ళు.

ఆ రోజు నుంచి నా వాయింపు మారిపోయింది. ప్రతి చరణం చివరా ఆగేదాన్ని. మధ్యలో స్వరాలు అరమెట్లు అరమెట్లుగా జారి నీడ కమ్మినట్టయ్యే చోట బరువుగా, ఈడ్చినట్టుగా వాయించేదాన్ని. అక్కడంతా ఆంద్రె ఉన్నాడనిపించేది. మేడమ్ రెండు వారాలు ఏమీ అనలేదు. మూడో వారం నా చేతుల మీద చేయి పెట్టి ఆపారు.

"ఎవరి కోసం వాయిస్తున్నావు?"

చెప్పాను.

"ఆ పిల్లవాడి కోసం రాసిన పాట కాదిది. ఈ పాప బతికి ఉంది. నిద్రపోవాలి. నువ్వు ఇలా ఏడుస్తూ పాడితే ఎలా నిద్రపోతుంది? లయ తప్పకుండా ఊపు. దుఃఖం ఎక్కడ ఉండాలో అక్కడ ఆయనే పెట్టాడు, నువ్వు కలపక్కర్లేదు."

ఇంటికి వచ్చాక చాలాసేపు ఆ మాటే. ఏడాది మొత్తంలో నేను నేర్చుకున్నది ఏమిటని అడిగితే ఇదే చెబుతాను. ఆ మనిషి ఒక బిడ్డను పోగొట్టుకున్న ఏడాదిలో, మరో బిడ్డ నిద్ర చెడకుండా ఊయల ఊపాడు. ఊపు ఎక్కడా తడబడదు. మధ్యలో ఆ నీడ వస్తుంది, దాటుతుంది, మళ్ళీ మొదటి వరుస అంతే మెల్లగా తిరిగి వస్తుంది. చిన్నప్పుడు నాకు మా అమ్మ జోల పాడింది కూడా మా నాన్న ఆస్పత్రిలో ఉన్న రోజుల్లోనేనని తర్వాత ఎప్పుడో తెలిసింది. ఆ పాటలో నాకు ఆస్పత్రి ఎప్పుడూ వినిపించలేదు.

మళ్ళీ మొదటి వరుసకు వెళ్ళాను. చేతి గడియారం టిక్కుటిక్కులతో, ఒట్టి ఊపు మాత్రమే. అదొక నెల.

వేసవిలో స్టాపుల పని. మేడమ్ పై వరుస మెట్లకు 'వ్వా సెలెస్త్' అనే స్టాపు లాగించారు. దివ్యకంఠం అని అర్థం. అందులో ఒక వరుస గొట్టాలను కావాలనే అసలు శ్రుతికి వెంట్రుకవాసి తేడాతో కడతారు. మామూలు గొట్టాలతో కలిసి పలికినప్పుడు ఆ రెండూ రాసుకుని స్వరం మెల్లగా అలలాడుతుంది. శ్రుతి కుదరకపోతే తాతయ్య పెట్టె ముట్టుకోనిచ్చేవారు కాదు. అలాంటిది, తప్పిన శ్రుతిని ఇంత ఓపికగా, ఇంత కొలతగా కట్టుకున్న మనుషులున్నారని మొదటిసారి విన్నప్పుడు ఒళ్ళు ఝల్లుమంది. ఆ గొట్టాలన్నీ తలుపులున్న పెట్టెలో ఉంటాయి. కాలి కింది పలకతో ఆ తలుపులు తెరిస్తే ధ్వని దగ్గరకు వస్తుంది, మూస్తే దూరమవుతుంది. తాతయ్య తిత్తి చేసే పనిలో కొంత ఇది చేస్తుంది.

వియెర్న్ కథలో ఆ తర్వాతివి త్వరగా చెప్పేస్తాను. 1916లో, ఉన్న చూపు కూడా పోతుంటే చికిత్సకు స్విట్జర్లాండు వెళ్ళాడు. దాదాపు నాలుగేళ్ళు ఉండిపోయాడు. పదిహేడేళ్ళ పెద్ద కొడుకు జాక్ యుద్ధంలో చేరతానంటే తండ్రిగా అనుమతి ఇచ్చాడు. 1917 నవంబరులో జాక్ పోయాడు. తమ్ముడు రెనే కూడా ఆర్గన్ వాద్యకారుడే. 1918 మేలో యుద్ధంలోనే చనిపోయాడు. జాక్ కోసం పియానోకూ నాలుగు తంత్రీ వాద్యాలకూ కలిపి ఒక రచన చేశాడు. అది విన్నాను. మళ్ళీ వినడానికి ఇంకా ధైర్యం రాలేదు. 1927లో అమెరికా అంతా తిరిగి కచేరీలు చేశాడు. నోత్ర్ దామ్ ఆర్గన్ మరమ్మతుకు డబ్బు కావాలి. ఆ మరమ్మతు 1932లో పూర్తయింది. లండన్ వెస్ట్‌మినిస్టర్ గడియారపు గంటల మీద ఆయన రాసిన రచన ఆ అమెరికా యాత్ర చేసిన ఏడాదిదే. ఇప్పుడు ప్రపంచమంతా వాయించేది ఎక్కువగా దాన్నే. నాకు మాత్రం పంతొమ్మిదో రచనే.

2024 నవంబరులో ఒక సాయంత్రం చర్చిలో ఒంటరిగా సాధన చేస్తున్నాను. చివరి పేజీలో ఎడమకాలు ఎత్తేశాను. ఆ స్వరం ఆగలేదు. మెట్టు పైకే ఉంది, గొట్టం మాత్రం పలుకుతూనే ఉంది. లోతైన స్వరం, నేలలోంచి కాళ్ళలోకి వస్తోంది. స్టాపు లోపలికి తోసేయాలన్న ఆలోచన కూడా రాలేదు. మోటారు ఆపేశాను. తిత్తిలో గాలి అయిపోతున్న కొద్దీ స్వరం కిందికి జారి, వంగి, మూలిగి ఆగింది. తర్వాత వచ్చిన నిశ్శబ్దంలో నా గుండె చప్పుడు నాకే వినిపించింది. మరుసటి రోజు చూస్తే గాలి తలుపు కింద చిన్న చెత్త రేణువు ఇరుక్కుని ఉంది. మేడమ్ దాన్ని కాగితం మీద పెట్టి చూపించారు.

వియెర్న్ ఎలా పోయాడో అప్పటికే చదివి ఉన్నాను కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1937 జూన్ 2. నోత్ర్ దామ్‌లో ఆయన 1,750వ కచేరీ. పక్కన శిష్యుడు మొరిస్ దురుఫ్లే. తాను రాసిన మూడు భాగాల రచన ఒకటి వాయించాడు. అందులో చివరి భాగం పేరు 'చనిపోయిన చిన్నారికి స్మారకశిల'. ఆ తర్వాత అప్పటికప్పుడు కల్పన చేయాలి. పల్లవిగా ఇచ్చిన పాత కీర్తన వరుసను బ్రెయిల్‌లో అందించారు. వేళ్ళతో చదువుకున్నాడు. స్టాపులు ఎంచుకున్నాడు. మొదలుపెట్టబోతూ ముందుకు ఒరిగిపోయాడు. కాలు పెడల్ మీద కింది మి స్వరం మీద పడింది. ఆ ఒక్క స్వరం కథీడ్రల్ అంతా మోగింది. కూర్చున్న జనానికి కొంతసేపు అది పాట మొదలనే అనిపించి ఉంటుంది. తన పీట మీదే పోవాలని ఆయన కోరుకునేవాడట.

2024 డిసెంబరులో మా చర్చిలో ఒక పాపకు బాప్తిస్మం. తల్లిదండ్రులు జోలపాట వాయిస్తారా అని మేడమ్‌ను అడిగారు. ఆవిడ నా వైపు చూశారు. ఆ రోజు ఆర్గన్ గదిలో చిన్న ఎర్ర దీపం వెలిగింది. కింద ఫాదర్ నొక్కితే వెలుగుతుంది, మొదలుపెట్టమని సైగ. మేడమ్ నా పక్కన కూర్చుని పేజీలు తిప్పడానికి సిద్ధమయ్యారుగానీ నాకు పేజీ చూసే అవసరం రాలేదు. మధ్యలో నీడ వచ్చే చోట వేలు మార్పు ఒకటి తప్పింది. సందు పడింది. మేడమ్‌కు తెలిసింది, నాకు తెలిసింది. ఊపు మాత్రం ఆగనివ్వలేదు. చివర తలుపులు మెల్లగా మూస్తూ చేతులు ఎత్తాను. కింద పాప ఏడుస్తోంది. తల్లి జోకొడుతోంది. ఆవిడ ఊపే ఊపు దాదాపు నా లయలోనే ఉంది.

పుస్తకం కొన్న రోజు నుంచి పద్నాలుగు నెలలు.

జనవరిలో నోత్ర్ దామ్‌కు వెళ్ళాను. 2019 ఏప్రిల్ 15 సాయంత్రం మంటలు రేగినప్పుడు నది అవతలి ఒడ్డున నిలబడ్డ జనంలో నేనూ ఉన్నాను. పక్కనున్నవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని పాడుతున్నారు. అప్పటికి వియెర్న్ పేరు నాకు తెలియదు, లోపల ఆర్గన్ ఉందని కూడా ఆలోచించలేదు. అది కాలలేదు. దాదాపు ఎనిమిది వేల గొట్టాలు. వాటి మీద కాలిన పైకప్పు నుంచి రాలిన సీసపు దుమ్ము. ఊడదీసి, శుభ్రం చేసి, మళ్ళీ కూర్చి, రాత్రిళ్ళు నిశ్శబ్దంలో ఒక్కో గొట్టానికీ శ్రుతి సరిచేశారు. 2024 డిసెంబరు 7న తలుపులు తెరిచిన రోజు ఆర్చ్‌బిషప్ ఆర్గన్‌ను మేలుకొమ్మని పిలిస్తే అది పలికింది. ఆ క్షణం టీవీలో చూశాను. జనవరిలో, పూజ అయ్యాక, పడమటి గోడ మీద గులాబీ కిటికీ కింద ఉన్న ఆ గొట్టాల వైపు తల ఎత్తి నిలబడ్డాను. వాయిస్తున్నది ఎవరో కనిపించదు. వియెర్న్ కూర్చున్న చోటూ అదే ఎత్తులో. కవాయే-కోల్ 1868లో పూర్తిచేసిన వాద్యం, వియెర్న్ వాయించిన గొట్టాలు ఎన్నో ఇంకా అందులోనే ఉన్నాయి. ధ్వని ఆగాక కూడా కొన్ని క్షణాలు రాళ్ళు పలుకుతూనే ఉంటాయి. అందుకే ఆయన రచనల్లో అంత పెద్ద ఆగుడులు ఉంటాయి. అక్కడ నిలబడి విన్నాక ఆ ఖాళీలను లెక్కపెట్టడం మానేశాను, వినడం మొదలుపెట్టాను.

వేసవి సెలవులకు తెనాలి వెళ్ళాం. తాతయ్య పోయి తొమ్మిదేళ్ళు. పెట్టె అటక మీద ఉంది. అమ్మ పాత చీరలో మూటకట్టి దాచింది. రెండు రీడులు పలకలేదు, తిత్తి ఒక మడత దగ్గర చీలింది. మా వారు గుంటూరు నుంచి పలచటి తోలు తెచ్చి అతికించారు. పుస్తకాన్ని నేల మీద పరిచాను. ఆర్గన్‌కు లేదా హార్మోనియానికి. మన పెట్టెకు ఒక చేయి గాలికే సరిపోతుంది కాబట్టి రెండు చేతుల రచన ఒక్కరి వల్ల కాదు. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టి తిత్తి దాని చేతికిచ్చాను. ఎనిమిదేళ్ళది. మొదట గబగబా కొట్టింది, స్వరం అరిచింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"అది ఊపిరే తల్లీ," అంది అమ్మ, "అదరకూడదు."

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం.